తొక్కుడు సిద్ధాంతంపై శాఖాపరమైన విచారణ

వేరుశనగ పైరును నలభయ్యో రోజున మనుషుల చేత తొక్కిస్తే దిగుబడి పెరుగుతుందని కనిపెట్టినవాడు డాక్టర్ చెన్నకేశవులు. కనిపెట్టాడనడం కంటే, ఆ సంగతే ఆయన్ని వెతుక్కుంటూ వచ్చిందనడం న్యాయం. ఇరవై రెండేళ్ల కిందట, మెట్టపైర్ల పరిశోధనా కేంద్రంలో ఆయన కొత్తగా చేరిన రోజుల్లో, ఎవరో పెద్దమనిషి శంకుస్థాపనకు వచ్చాడు. చూడటానికి వచ్చిన జనం దారి చాలక ఏడో నంబరు మడిలోకి దిగారు. రెండు గంటల సేపు అక్కడే నిలబడి, ఉపన్యాసం బాగున్న చోట చప్పట్లు కొడుతూ, బాగోలేని చోట కాళ్లు మార్చుకుంటూ పైరునంతా చదును చేసి వెళ్లిపోయారు. చెన్నకేశవులు గట్టు మీద కూర్చుని ఏడ్చినంత పని చేశాడు. ఆ ఏడు వానలు కూడా లేవు. మిగతా మడులన్నీ నిలువునా ఎండాయి. తీరా కాయ పీకి తూకం వేస్తే, ఏడో మడిలో మాత్రం మిగతా వాటికన్నా పావు వంతు ఎక్కువ వచ్చింది.

పూత రాలాక మొక్క నుంచి సన్నటి ఊడలు కిందికి దిగుతాయి, అవి మట్టిలోకి చొరబడితేనే కాయ. జనం కాళ్ల బరువుకు ఊడలు సులువుగా దిగాయని చెన్నకేశవులుకి తట్టింది. తట్టిన మరుక్షణమే అది నిజమని కూడా తెలిసిపోయింది. ఇంత చక్కటి ఆలోచన, అందునా తనకు వచ్చినది, తప్పు కావడానికి ఎక్కడా వీలు కనిపించలేదు. సైన్సులో అది తన మొదటి మెట్టు అనుకున్నాడాయన. నిజానికి అక్కడితోనే సైన్సు ఆగిపోయింది, తర్వాత ఎక్కినవన్నీ ఉద్యోగం మెట్లు.

వ్యాసం అచ్చయింది. పతకం వచ్చింది. జిల్లా అంతటా ఏటా తొక్కుడు పక్షోత్సవాలు మొదలయ్యాయి. తొక్కే మనిషి బరువు ఎంతుండాలని పైవాళ్లు అడిగితే యాభై ఎనిమిది కిలోలని ఆయన జవాబు రాశాడు. అప్పట్లో అది తన బరువు. ఇప్పుడు తాను ఎనభై నాలుగు, ప్రమాణం మాత్రం ఇంకా యాభై ఎనిమిదే. ఆ లెక్కన తన సిద్ధాంతానికి తానే పనికిరాకుండా పోయానని ఆయనే నవ్వుతూ చెబుతుంటాడు. కుడికాలు ముందు పెట్టి మడిలోకి దిగాలన్న నిబంధన ఎక్కడి నుంచి వచ్చిందో ఆయనకూ తెలియదు. అది కరపత్రం ఆరో ముద్రణలో చేరింది. ఏడో ముద్రణ నుంచి దానికి ఆధారంగా ఆరో ముద్రణను చూపించారు. చేను తొక్కినట్టు చెన్నకేశవులు సంతకంతో ధ్రువపత్రం ఉన్న రైతుకే మరుసటి ఏడు విత్తనకాయ ఇవ్వాలని ఒక ఉత్తర్వు కూడా వచ్చింది.

ఇలా అంతా సవ్యంగా సాగుతుండగా కేంద్రానికి డాక్టర్ నస్రీన్ వచ్చింది. నెమ్మదైన పిల్ల. వచ్చిన ఏడే ఇరవై నాలుగు మడులు వేసి, పన్నెండు తొక్కించి, పన్నెండు వదిలేసింది. తొక్కిన వాటిలో తొమ్మిదో వంతు కాయ తగ్గింది. భయపడుతూ తెచ్చి చూపిస్తే చెన్నకేశవులు ఆప్యాయంగా కూర్చోబెట్టి, ఈ ఏడు వాన ఎక్కువైందమ్మా అన్నాడు. రెండో ఏడు కూడా తొమ్మిదో వంతే తగ్గింది. వాన తక్కువైందన్నాడు. మూడో ఏడు వాన పంచాంగం చూసుకుని కురిసినట్టు సరిగ్గా కురిసింది, కాయ మళ్లీ అంతే తగ్గింది. వాన ఇంత పద్ధతిగా కురిస్తే తొక్కుడు గుణం బయటపడే అవకాశం ఉండదని, సిద్ధాంతానికి తగిన సంవత్సరం ఇంకా రాలేదని ఆయన వివరించాడు. పైగా ఆమె పెట్టుకున్న కూలీలు మనసు పెట్టి తొక్కలేదేమోనన్న అనుమానం కూడా వెలిబుచ్చాడు.

చెన్నకేశవులు అబద్ధాలాడే మనిషి కాదు. ఆ మాట ఆయన శత్రువులు కూడా ఒప్పుకుంటారు. కాకపోతే తన సిద్ధాంతాన్ని బలపరిచే ఫలితాలన్నీ ఇనుప బీరువాలో ఉండేవి, బలపరచనివి వసారాలో నేల మీద ఉండేవి. బీరువాలో చోటు చాలక అలా పెట్టానని ఆయన నిజంగానే నమ్మాడు. ఇరవై రెండేళ్లలో చెదపురుగులు ఒక్కసారి కూడా పొరపాటున బీరువా వైపు పోలేదు. ఎదుటివాళ్ల లెక్కలు చూసేటప్పుడు కళ్లద్దాలు పెట్టుకునేవాడు, తన లెక్కలు చూసేటప్పుడు తీసి తుడుచుకునేవాడు.

నస్రీన్ మూడేళ్ల లెక్కలూ ప్రధాన కార్యాలయానికి పంపింది. సిద్ధాంతం తప్పని తేలింది కాబట్టి ఎత్తేస్తారని ఆమె అనుకుంది. చిన్నపిల్ల, ఆఫీసుల సంగతి తెలియదు. అంతకు ఏడాది ముందే, వేరే ఊళ్లో ఒక సిద్ధాంతాన్ని తొందరపడి ఎత్తేస్తే, దాని మీద ఆధారపడిన పద్నాలుగు మంది సిబ్బందికి ఏ కుర్చీలో కూర్చోవాలో తెలియక ఆరు నెలలు చెట్టు కింద హాజరు వేయవలసి వచ్చింది. అప్పుడు పుట్టింది కొత్త సర్క్యులర్. "శాశ్వత జాబితాలో చేరిన ఏ సిద్ధాంతమునైనను, సహజ న్యాయసూత్రముల ననుసరించి దాని వాదన వినకుండ, తొలగించుటకు గాని, స్థాయి తగ్గించుటకు గాని, కించపరచుటకు గాని వీలులేదు" అని అందులో ఉంది.

కేంద్రం పరిపాలనాధికారి హనుమంతరాయుడికి ఆ కాగితం చూడగానే ప్రాణం లేచొచ్చింది. మునుపు రవాణా విభాగంలో కండక్టర్ల మీద క్రమశిక్షణ కేసులు నడిపిన మనిషి. శాస్త్రవేత్తల మధ్య ఏడేళ్లుగా ఏం చేయాలో తోచక గోడలకు సున్నం వేయించుకుంటూ బతుకుతున్నాడు. కండక్టరైనా సిద్ధాంతమైనా జాబితాలోకి ఎక్కిన తర్వాత ఉద్యోగే గదా అన్నది ఆయన వాదన.

ముందుగా సిద్ధాంతానికి సర్వీసు రిజిస్టరు తెరిచాడు. పుట్టిన తేదీ దగ్గర శంకుస్థాపన తేదీ వేశారు. పుట్టుమచ్చలు అన్న గడి ఖాళీగా ఉండకూడదన్నాడు కాబట్టి ఊడల దశ ఒకటి, కుడికాలు ఒకటి రాశారు. వేలిముద్రకు బదులు యాభై ఎనిమిది కిలోల అటెండరు ఒకడి పాదముద్ర తీసుకున్నారు. తండ్రి పేరు దగ్గరకి వచ్చేసరికి హనుమంతరాయుడు కలం చెన్నకేశవులు చేతికే ఇచ్చాడు. తన పేరు తాను రాసుకుంటుంటే ఆయనకు మురిపెం ముంచుకొచ్చింది. యాభై ఎనిమిదేళ్ల వయసులో ఇదేం చోద్యమని తనను తానే కసురుకున్నాడు గాని, మురిపెం మాత్రం తగ్గలేదు.

తర్వాత ఛార్జి మెమో తయారైంది. దిగుబడి పెంచుతానని చెప్పి పెంచకపోవడం, మూడేళ్లు వరసగా విధి నిర్వహణలో విఫలం కావడం, సంజాయిషీ ఇవ్వకపోవడం అని మూడు అభియోగాలు. విచారణ ముగిసే వరకు సిద్ధాంతం సస్పెన్షన్‌లో ఉంటుంది, హెడ్‌క్వార్టర్సు వదిలి వెళ్లకూడదు. నోటీసు ఎవరి చేతికి ఇవ్వాలన్న ప్రశ్న వచ్చింది. పుట్టిన చోట అంటించాలని నియమం ఉండటంతో ఏడో మడిలో కర్ర పాతి దానికి అంటించారు. ప్రతివాది స్థలంలో కనిపించలేదు, ఇరుగుపొరుగు మడులు కూడా ఆచూకీ చెప్పలేదు అని పంచనామా రాసుకుని వచ్చారు. పదిహేను రోజులు గడిచినా సిద్ధాంతం జవాబివ్వలేదు. మాట్లాడలేని ప్రతివాదికి ఒక సహాయకుడిని ఇవ్వాలి కాబట్టి, తండ్రి హోదాలో చెన్నకేశవులునే నియమించారు.

విచారణాధికారి దొరకడం కష్టమైంది. సర్క్యులర్ ప్రకారం ఆయనకు పక్షపాతం ఉండకూడదు. తొక్కుడు మేలని నమ్మేవాడికి ఒక పక్షపాతం ఉంది, కీడని నమ్మేవాడికి ఇంకో పక్షపాతం ఉంది. ఈ విషయం గురించి చదివినవాడు చదువుతున్నప్పుడు ఏదో ఒకటి అనుకునే ఉంటాడు. అందుచేత వేరుశనగ గురించి ఏమీ తెలియనివాడే పనికొస్తాడని తేల్చారు. రెండు నెలలు వెతికి సముద్రం ఒడ్డునున్న చేపల విభాగం నుంచి డాక్టర్ దైవసహాయాన్ని రప్పించారు. రొయ్యల జబ్బుల్లో పేరున్న మనిషి. నేల మీద పండే దేని మీదా తనకు ఏ అభిప్రాయమూ లేదని స్టాంపు కాగితం మీద రాసి ఇచ్చాడు.

చెన్నకేశవులు మాత్రం పెళ్లి పనుల్లో పడ్డవాడిలా హుషారుగా తిరిగాడు. ఇంతకాలం తన సిద్ధాంతం మీద గొణుక్కున్న వాళ్లందరి ముందూ దాన్ని నిర్దోషిగా నిలబెట్టే రోజు వచ్చింది. దాన్ని తీసేస్తే తన పేరు చెప్పుకోవడానికి ఏం మిగులుతుందో ఆలోచించడానికి కూడా ఆయనకు ధైర్యం లేదు. మొదటి ఏడు పంట కళ్లారా చూసిన సాక్షి కావాలి. అప్పటి నుంచీ కేంద్రంలో కలుపు తీస్తున్న ఓబుళమ్మ గుర్తొచ్చి, పొద్దున్నే చేలోకి వెళ్లాడు.

ఏడో మడి బాగా పండింది గుర్తుందా అని అడిగాడు. ఆమె కొడవలి పక్కన పెట్టి లేచింది.

"గుర్తు లేకేం సారూ. ఆ యేడు అన్నీ ఎండిపాయె, అదొకటే పచ్చంగుండె. ట్యాంకి గొట్టం పగిలి రేయీ పగలూ దాంట్లోకే కారుతాండె గదా. నేను బిందె పట్టుకుండేది ఆడ్నే."

చెన్నకేశవులుకి ఆ మాట చెవిలోకి పోయింది గాని, లోపలికి దిగడానికి కొంచెం సేపు పట్టింది. నాకెందుకు చెప్పలేదని అడిగాడు. గొంతులో కోపం వినిపించింది, అది ఎవరి మీదో ఆయనకే తెలియలేదు.

"చెప్పినా గదా. చెప్తే మీరే గదా ఇంజనీరుకు కాగితం రాసిరి."

ఆయన అక్కడి నుంచి నేరుగా ఇంజనీరింగ్ విభాగం పాత కాగితాల గదికి పోయి, తుమ్ముతూ తుమ్ముతూ మధ్యాహ్నం దాకా వెతికాడు. దొరికాయి. ఒకటి కాదు, మూడు. ఏడో మడి పక్కన గొట్టం కారుతున్నది, వెంటనే బాగు చేయించగలరు అని ఒకటి. నీరు వృథా అవుతున్నది అని రెండోది. కిందటి రెండు ఉత్తరాలకూ జవాబు లేకపోవడం విచారకరం, మడి అంతా బురదగా ఉన్నది అని మూడోది. మూడింటి కిందా గుండ్రంగా, పొందికగా ఆయన సంతకమే.

అప్పుడాయనకు అంతా గుర్తొచ్చింది. గొట్టం సంగతి ఇంజనీరింగ్ ఫైలుది, పైరు సంగతి ఫీల్డ్ బుక్కుది. గొట్టాలు సైన్సు కిందికి రావు కాబట్టి ఫీల్డ్ బుక్కులో రాయలేదు. ఒక చేత్తో ఆ మడికి నీళ్లు పోతున్నాయని ఫిర్యాదు రాస్తూ, ఇంకో చేత్తో అది ఎందుకు పచ్చగా ఉందో తెలియక ఆశ్చర్యపడ్డాడన్న మాట. రెండు ఫైళ్లూ ఒకదాన్నొకటి చూసుకోకుండా ఇరవై రెండేళ్లు ఒకే ఆఫీసులో కాపురం చేశాయి. సిగ్గుతో ఆయన చెవులు కాలిపోయాయి.

ఆ సిగ్గు ఒక పూట ఉంది. రెండో పూట నుంచి ఇంకో ఆలోచన మొదలైంది. నీళ్లు పారిన మాట నిజమే, తొక్కిన మాటా నిజమే. మరి రెండూ కలిస్తేనే ఆ దిగుబడి వచ్చిందేమో. తడిసిన నేలలో తొక్కితే ఊడలు మరింత సులువుగా దిగవూ? రెండు రోజులు కూర్చుని తడి తొక్కుడు సిద్ధాంతం అని నాలుగు పేజీలు రాశాడు. ఐదో పేజీలో, తొక్కే మనిషి తడిపాదాల బరువు అని ఉపశీర్షిక పెట్టిన తర్వాత కలం ఆగింది. రాసింది మొదటి నుంచి చదువుకున్నాడు. నవ్వొచ్చింది. మునిగేవాడు గడ్డిపోచను పట్టుకున్నా అర్థం ఉంది గాని, తాను నీళ్లనే పట్టుకుని తేలాలని చూస్తున్నానని అనుకున్నాడు. కాగితాలు చించడానికి చేతులు రాక, మడిచి బీరువాలో పెట్టాడు.

మరునాడు మళ్లీ ఓబుళమ్మ దగ్గరికి వెళ్లాడు. ఎందుకు వెళ్లాడో ఆయనకే తెలియదు. నీకూ చేను ఉంది గదా, నువ్వూ తొక్కిస్తావా అని అడిగాడు. మూడెకరాలుందని, తొక్కకపోతే విత్తనకాయ ఇవ్వరు కాబట్టి ఏటా తానే తొక్కుతానని ఆమె చెప్పింది. తూకం మిషను మీద నలభై ఏడు కిలోలే తూగుతుంది కాబట్టి పదకొండు కిలోల ఇసుక మూట నెత్తిన పెట్టి తొక్కిస్తారట.

"అరికాలి కింద ఊడలు పుటపుట తెగేది తెలుస్తాది సారూ. చూళ్లేక పైకి చూస్కోని నడుస్తా."

మరి ఒక్కరైనా ఇన్నేళ్లలో ఎందుకు అనలేదని అడిగాడు.

"కాగితం మీద మీ సంతకం ఉండాది గదా. తెలీకుండా పెడ్తారా అనుకుంటిమి."

ఆమె ఆ మాట దెప్పిపొడవడానికి అనలేదు. అందుకే అది నేరుగా వచ్చి గుండెకు తగిలింది. ఈ ఏటి నలభయ్యో రోజు విచారణ అయిన మూడో నాటికి పడుతుంది. ఈలోగా సిద్ధాంతాన్ని తొలగిస్తే జిల్లాలో ఏ చేనూ తొక్కనక్కర్లేదు. చెన్నకేశవులు ఆ గట్టు మీదే నిర్ణయం తీసుకున్నాడు. ఇంటికి నడుస్తుంటే, కన్నబిడ్డను పోలీసులకు అప్పజెప్పబోతున్నంత దుఃఖం వచ్చింది. దుఃఖంతో పాటు తన నిజాయితీ మీద తనకే కాస్త గర్వం కూడా వచ్చింది. దాన్ని గమనించి మళ్లీ సిగ్గుపడ్డాడు.

విచారణ సమావేశ మందిరంలో జరిగింది. ప్రతివాది కూర్చోవడానికి ఒక ఖాళీ కుర్చీ వేసి, దాని ముందు మంచినీళ్ల గ్లాసు పెట్టారు. దైవసహాయం మొదటే తన పరిస్థితి చెప్పుకున్నాడు.

"చూడండి మాస్టారూ, ఈ కాయ కొమ్మకి కాస్తదో వేరుకి కాస్తదో నాకు తెలీదండి. అందుకే గదండీ నన్నేసింది. ఎవరూ చెప్పకండి కూడా, చెబితే నా సర్టిఫికెట్టు చెల్లదు."

నస్రీన్ మూడేళ్ల లెక్కలూ చదివింది. హనుమంతరాయుడు లేచి, మొదటి ఏడు ప్రయోగం వేసేటప్పుడు సిద్ధాంతం మీద మీ అభిప్రాయమేమిటని అడిగాడు. ఏ అభిప్రాయమూ లేదని ఆమె చెప్పింది. మొదటి ఏటి ఫలితం చూశాక అభిప్రాయం ఏర్పడిందా అన్నాడు. తొక్కితే నష్టమేమోనని అనిపించిందని ఆమె ఒప్పుకుంది. అయితే రెండో ఏడూ మూడో ఏడూ ఆమె పక్షపాతంతో ప్రయోగం చేసినట్టు రాసుకోవలసిందిగా హనుమంతరాయుడు కోరాడు. మొదటి ఏటి ఫలితంలో పక్షపాతం లేదు గాని, ఒక్క ఏటి ఫలితాన్ని ఏ శాస్త్రమూ లెక్కలోకి తీసుకోదు. నస్రీన్ లెక్కల కాగితాలు సర్దుకుని కూర్చుంది.

ఓబుళమ్మ సాక్ష్యం ఇంకా తొందరగా ముగిసింది. తూకం వేసి, యాభై ఎనిమిదికి పదకొండు కిలోలు తక్కువ కాబట్టి తొక్కుడు విషయంలో అభిప్రాయం చెప్పే ప్రామాణికత ఆమెకు లేదన్నారు.

అప్పుడు చెన్నకేశవులు లేచాడు. మూడు ఉత్తరాలూ బల్ల మీద పెట్టాడు. 

"ఆ మడి పండింది తొక్కినందుకు కాదు, నీళ్లు పారినందుకు. నీళ్లు పారుతున్నాయని ఇంజనీరుకు మూడు కాగితాలు రాసినవాణ్ని నేనే, అది మర్చిపోయి సిద్ధాంతం కట్టినవాణ్నీ నేనే. ఇరవై రెండేళ్లు ఈ జిల్లా చేత వట్టి పుణ్యానికి పైరు తొక్కించాను. దీన్ని తీసేయండి."

దైవసహాయానికి కళ్లు చెమర్చాయి. ఇక్కడితో కథ అయిపోవాలి. కాని హనుమంతరాయుడు గొంతు సవరించుకున్నాడు. ప్రతివాది తరఫున నియమితుడైన సహాయకుడు ప్రతివాదికే వ్యతిరేకంగా మాట్లాడటం నియమావళికి విరుద్ధమన్నాడు. తండ్రికి తన బిడ్డపై అకారణ ద్వేషం కలిగినప్పుడు ఆ సాక్ష్యాన్ని పక్షపాతపూరితంగానే పరిగణించవలసి ఉంటుందన్నాడు. ఇక ఉత్తరాల సంగతి. ఇంజనీరింగ్ రిజిస్టరు తెప్పించి ఒక పేజీ చూపించాడు. రెండో ఉత్తరం అందిన నాడే గొట్టం బాగు చేయబడినదని అందులో సంతకంతో సహా ఉంది. కాబట్టి రికార్డు ప్రకారం ఆ మడిలోకి నీళ్లు పారలేదు.

"బాగు చేయలేదు, అందుకే గదా మూడో ఉత్తరం రాశాను" అన్నాడు చెన్నకేశవులు.

"బాగుపడిన గొట్టం గురించి మీరు మూడో ఉత్తరం ఎందుకు రాశారో సంజాయిషీ ఇవ్వవలసి ఉంటుంది" అన్నాడు హనుమంతరాయుడు.

మరునాడు తీర్పు చదివారు. మూడు అభియోగాలూ రుజువు కాలేదు. సిద్ధాంతం నిర్దోషి. సస్పెన్షన్ కాలమంతా విధుల్లో ఉన్నట్టే లెక్క. అంతేకాదు, ఇరవై రెండేళ్లు మచ్చలేని సేవ చేసి కూడా ఒక్క పదోన్నతికి నోచుకోలేదని గమనించి, దాన్ని సిద్ధాంతం హోదా నుంచి ప్రకృతి నియమం, రెండో శ్రేణి, హోదాకు పెంచారు. మొదటి శ్రేణిలో ప్రస్తుతం ఖాళీలు లేవు. చెన్నకేశవులుకు మాత్రం తన సొంత సిద్ధాంతంపై పక్షపాతం చూపినందుకు మెమో ఇచ్చారు.

ఇక్కడ ఒక్క నిజం చెప్పాలి. నిర్దోషి అన్న మాట వినగానే చెన్నకేశవులు ఛాతీ ఒక్కసారిగా పొంగింది. ప్రకృతి నియమం అన్నప్పుడు కళ్లు తడిశాయి. అబ్బ, ఎంత ఎదిగింది అనుకున్నాడు. ముఖం మీద నవ్వు దానంతట అదే వచ్చి కూర్చుంది. ఎదురుగా నస్రీన్ తననే చూస్తోందని తెలిశాక కూడా అది వెంటనే దిగలేదు. ఆ అమ్మాయి తల తిప్పుకుంది. ఆయనకు మెమో కంటే అది ఎక్కువ నొప్పి పెట్టింది.

నలభయ్యో రోజు ఇంకా రెండు రోజుల్లో ఉంది. ధ్రువపత్రాల మీద సంతకం చేసే అధికారం ఇంకా ఆయనదే, ఎందుకంటే ఆ అధికారం తీసేయాలంటే దానికీ వేరే విచారణ కావాలి. ఆయన ఆ రెండు రోజులూ గదిలో కూర్చుని, చెయ్యి వాచేదాకా ధ్రువపత్రాల మీద సంతకాలు పెట్టాడు. పై చేను నలభయ్యో రోజున, నిర్ణీత బరువుతో, కుడికాలు ముందుగా తొక్కబడినదని ధ్రువీకరించడమైనది. తేదీ మాత్రం నలభయ్యో రోజుది ముందుగానే వేశాడు. కట్టలు కట్టలుగా ఊళ్లకు పంపేశాడు. కాగితం చేతికి వచ్చాక చేలోకి దిగి పైరు తొక్కే పిచ్చివాడు జిల్లాలో ఒక్కడూ లేడు. ఓబుళమ్మకు తనే తీసుకెళ్లి ఇచ్చాడు. ఆమె దాన్ని రెండు వైపులా తిప్పి చూసి, మూట మోయాల్న వద్దా అని అడిగింది. వద్దన్నాడు. ఇరవై రెండేళ్లు తెలియక అబద్ధం మీద సంతకం పెట్టాను, ఇప్పుడు తెలిసి పెడుతున్నాను, మొత్తానికి చదువు అబ్బింది అని దారిలో తనలో తాను నవ్వుకున్నాడు.

ఆ ఏడు కాయ పీకాక జిల్లా లెక్కలు వచ్చాయి. వాన మామూలే, ఎరువు మామూలే. దిగుబడి మాత్రం అంతకు ముందు ఏటి కన్నా ఎనిమిదో వంతు పెరిగింది. ప్రధాన కార్యాలయంలో పండగైంది. జిల్లా చరిత్రలో మొదటిసారి ఒక్క చేను కూడా మినహా లేకుండా నూటికి నూరు పాళ్లు తొక్కినట్టు ధ్రువపత్రాలు ఉన్నాయి, దిగుబడి రికార్డు కొట్టింది. ఇంతకన్నా రుజువు ఏం కావాలి? నియమాన్ని మొదటి శ్రేణికి పెంచారు. మెమో రద్దు చేసి చెన్నకేశవులుకి రెండో పతకం ప్రకటించారు. పక్క రాష్ట్రాలు కూడా తొక్కుడు మొదలుపెట్టాలని ఉత్సాహపడుతున్నాయని అభినందన లేఖలో ఉంది.

నస్రీన్ ఆ లేఖ పట్టుకుని ఆయన గదికి వచ్చింది. ఎవరూ తొక్కలేదని ఆయన ఆమెకు అప్పటికే చెప్పేశాడు.

"రాసేయండి సార్. ఒక్క చేను కూడా తొక్కలేదని ఉన్నదున్నట్టు రాసేయండి. ఇది నా ఇరవై నాలుగు మడుల కన్నా పెద్ద ప్రయోగం."

"రాస్తే సర్టిఫికెట్లు రద్దు చేస్తారమ్మా. వచ్చే ఏడు పక్కన మనిషిని నిలబెట్టి మరీ తొక్కిస్తారు."

నస్రీన్ లేచి నిలబడింది. ఓబుళమ్మకు మూడెకరాల్లో ఎప్పుడూ రానంత కాయ వచ్చిందని మాత్రం చెప్పి, లెక్కల కాగితం బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది.

చెన్నకేశవులు ఆ కాగితాన్ని దగ్గరికి లాక్కున్నాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఒక్కొక్క మండలం అంకెలూ పైనుంచి కిందికి చదివాడు. మంచి పంట, ఎవరూ కాలు పెట్టకుండా వచ్చిన పంట, ఆయన తప్పును ఇంతకన్నా స్పష్టంగా ఎవరూ రుజువు చేయలేరు. ఆయన మనసు తేలికైంది. ఇరవై రెండేళ్ల తర్వాత మొదటిసారి నిజం తన చేతిలో ఉందనిపించింది.

పైరు ఇంత బలంగా ఉన్న ఏడు గనక తొక్కి ఉంటే, ఇంకెంత వచ్చేదో అనుకున్నాడు.

తలుపు దగ్గర ఎవరూ లేరని చూసుకుని, ఆ మాట రాసుకుని బీరువాలో పెట్టాడు.